కిల్టునకు జోడు కోటు: ఆచారమా, అపచారమా?

ఆచారమను పేరుతో లోకమున చెల్లుబాటగునవి యన్నియు ప్రాచీనములు కావు. తాత చేసినది మనుమనికి ఆచారము. కాని ఆ తాతకు తాత దానిని ఎరుగకయే ఉండవచ్చును. ఒక తరపు వాడుక రెండవ తరమునకు నియమమగును. ఆ నియమమే మూడవ తరమునకు అనాదిసిద్ధమైన ధర్మముగా తోచును. ఒకమారు అట్లు తోచిన పిమ్మట ‘ఇది ఎప్పటినుండి?’ అని అడుగువాడే తప్పు చేసినవాడగును. వస్త్రధారణ విషయమున ఈ వింత మరింత స్పష్టముగా కానవచ్చును. వస్త్రము కంటికి కనబడునది; కంటికి కనబడినదానిని గూర్చి తీర్పు చెప్పుటకు తాను అర్హుడనేయని ప్రతివాడును తలచును. స్కాట్లండు దేశపు లాంఛన వేషమును గూర్చి నడచుచున్న ఒక చిన్న వివాదము ఇందులకు మంచి నిదర్శనము.

ఆ దేశపు ఉత్తర పశ్చిమ భాగములందలి కొండసీమకు హైలాండ్సు అని పేరు. ఆ సీమ పురుషుల వేషమైన కిల్టు ఇప్పుడు లోకమంతటికిని పరిచితమే. అది నడుము మొదలు మోకాళ్ళ వరకు చుట్టుకొను ఉన్నివస్త్రము. వెనుకవైపున కుచ్చిళ్ళు పెట్టి కుట్టబడి యుండును. ఆ బట్ట నేతలో పడుగుదారముల రంగులు ఏ వరుసలో, ఏ లెక్కలో ఉండునో, పేకదారముల రంగులును సాధారణముగా ఆ వరుసలో, ఆ లెక్కలోనే ఉండును. అట్లు నేయగా ఏర్పడు గళ్ళ కూర్పే టార్టన్. నేడు స్కాట్లండులో పెండ్లిండ్లకును, రాత్రి విందులకును, పట్టప్రదానోత్సవములకును కిల్టు ధరించి పోవుట మర్యాదగా నున్నది. అట్టి సందర్భములందు పైన నల్లని పొట్టి కోటు, దానికి వెండివన్నె బొత్తాములు, లోపల చేతులు లేని చిన్న కోటు, మెడకు బో టై, నడుమునకు ముందు స్పొరాన్ అను తోలుసంచి, కాళ్ళకు మోకాలి దిగువవరకు మేజోళ్ళు సాధారణముగా కానవచ్చును.

ఇట్టి విందునకు ఒక పెద్దమనిషి తన కిల్టు ఏ గళ్ళ బట్టతో కుట్టబడినదో ఆ బట్టతోనే కోటును కూడ కుట్టించుకొని వచ్చెననుకొనవలెను. ఎదుట ఎవరును ఏమియు అనకపోవచ్చును. చాటున పెదవి విరుచువారు మాత్రముందురు. వారి ఆక్షేపణలు మూడు. కోటునకు టార్టన్ వాడుట పూర్వాచారము కాదనునది మొదటిది. అది నాటకశాలయందలి హాస్యగాని వేషమును తలపించుననునది రెండవది. అన్ని గళ్ళు ఒక్కచోట చూచి కన్ను అలసిపోవుననునది మూడవది. వీటిలో కడపటి రెండును అభిరుచికి సంబంధించినవి. వాటిని గూర్చి ఎంతయైనను వాదించుకొనవచ్చును. మొదటిది చరిత్రకు సంబంధించినది. దానికి కావలసినది వాదము కాదు, సాక్ష్యము. ఆ సాక్ష్యము ఆక్షేపకులకు ప్రతికూలముగా ఉన్నది.

ముందుగా 1704వ సంవత్సరపు ఒక ఉత్తరువును చూడదగును. స్పే నది లోయలో గ్రాంట్ వంశీయుల భూములుండెను. ఆ వంశనాయకుడు తన భూములపై ఉన్నవారిలో ఆయుధము పట్టగలవారు పిలిచినపుడు సిద్ధముగా నుండవలెననియు, వారికి ఎఱుపును ఆకుపచ్చయు గల టార్టన్ కోట్లును, ట్రూస్ అను బిగుతైన లాగులును, పొట్టి మేజోళ్ళును ఉండవలెననియు ఆజ్ఞ చేసెను. ఇందు కిల్టు మాట లేదు. దాని స్థానమున ట్రూస్ ఉన్నది. ఐనను పైకోటును, క్రింది వస్త్రమును ఒకే రంగుల గళ్ళ బట్టతో కుట్టించుకొనుట ఆనాటికి వింత కాదని దీనివలన తేటపడుచున్నది. ఆజ్ఞాపించినవాడు నాటకములాడించు గుత్తదారు కాడు. సాయుధులైన తన జనమును ఒక్కచోట నిలిపి చూచుకొనగోరిన కొండదొర.

రెండవ సాక్ష్యము ఇంతకంటె ప్రబలమైనది. ఏలననగా అది మిత్రులు వ్రాసినది కాదు, శత్రువులు వ్రాసినది. స్టూఅర్ట్ వంశపు రాజకుమారుడు చార్లెస్ ఎడ్వర్డు తమ వంశము కోల్పోయిన సింహాసనమును తన తండ్రికై తిరిగి సంపాదింపనెంచి 1745లో హైలాండ్సున దిగెను. 1746 ఏప్రిల్ 16వ తేదీన కలోడెన్ మైదానమున అతని సేన ఓడిపోయినది. విజయము పొందిన ప్రభుత్వము కొండసీమవారి ఆయుధములను లాగుకొనుటతో తృప్తిపడక వారి ఒంటిమీది బట్టపై కూడ చేయి వేసినది. ఆ సంవత్సరమే చేసిన చట్టము 1747 ఆగస్టు 1వ తేదీ నుండి అమలునకు వచ్చినది. స్కాట్లండులో పురుషుడు గాని బాలుడు గాని ప్లెయిడ్ అను చుట్టుదుప్పటిని, కిల్టును, ట్రూస్‌ను, భుజపట్టెలను ధరింపరాదని ఆ చట్టము శాసించినది. అంతటితో ఆగలేదు. పైకోట్లకును, పెద్దకోట్లకును టార్టన్ గాని, రంగురంగుల గళ్ళ బట్ట గాని వాడరాదని వేరుగా పేర్కొన్నది. మొదటిమారు పట్టుబడినవానికి ఆరు నెలల చెఱ. రెండవమారు పట్టుబడినచో సముద్రములకు ఆవలనున్న వలసలలో ఏడేండ్ల ప్రవాసము.

లేని వాడుకను మాన్పుటకు ఎవరును చట్టము చేయరు. టార్టన్ కోటు ఆనాడు ఎవరి ఒంటిపైనను లేనిచో, దాని పేరు చట్టములోనికి ఎక్కి యుండదు. కిల్టును నిషేధించి కోటును విడిచినచో ఆ జనుల గుర్తు వారి ఒంటిపై నిలిచియే యుండునని శాసనకర్తలు ఎరిగియుండిరి. కనుకనే రెండింటిని నిషేధించిరి. నేడు ‘టార్టన్ కోటు మా ఆచారము కాదు’ అనువారు తమ పూర్వుల ఆచారమేదో వారి శత్రువులకు తెలిసినంతగా తమకు తెలియదని ఒప్పుకొనుచున్నట్లే యగును.

ఆ చట్టము ముప్పదియైదేండ్లు నిలిచినది. రాజుగారి సైన్యమున చేరిన హైలాండ్సు దళములవారికి మాత్రము మినహాయింపు ఉండెను. అనగా ఒక గ్రామమునందలి అన్నదమ్ములలో సైనికుడైనవాడు కిల్టు కట్టవచ్చును. పొలము దున్నువాడు కట్టరాదు. 1773లో ఆంగ్ల విద్వాంసుడు శామ్యూల్ జాన్సను ఆ సీమలో సంచరించి, తాను చూచిన తావులన్నింటను ఈ చట్టమునకు జనులు లోబడియే యున్నారనియు, పూర్వపు వేషమును సంపూర్ణముగా ధరించిన పెద్దమనిషి ఒక్కడే కానవచ్చెననియు తన యాత్రా గ్రంథమున వ్రాసెను. డంకన్ బాన్ మాకింటైర్ అను గేలిక్ కవి ఆ యుద్ధమున ప్రభుత్వ పక్షముననే నిలిచినవాడు. అట్టివాడును తన జనుల వేషమును తీసివేసి లాగులు తొడిగించిన ఈ చట్టమును నిరసించుచు గీతము కట్టెను. 1778లో స్థాపింపబడిన లండన్ హైలాండ్ సొసైటీ చేసిన కృషివలన 1782లో ఈ నిషేధము రద్దయినది. అప్పటికి ఒక తరము పుట్టి, పెరిగి, పెద్దదైనది. ఆచారము తెగిన తావు ఇదియే. తరువాతి వివాదములన్నియు ఈ తెగిన దారమును ఎవరికి తోచినట్లు వారు ముడివేయుటనుండి పుట్టినవే.

ఇక చిత్రపటముల సాక్ష్యము. కలోడెన్ యుద్ధమునకు కొలది కాలము పిమ్మట డేవిడ్ మోరియర్ అను చిత్రకారుడు వ్రాసిన పటము ఇంగ్లండు రాజకుటుంబపు సేకరణలో నేటికిని ఉన్నది. అందు ఎనిమిదిమంది హైలాండ్సు యోధులు రాజసైనికులపై కత్తులు దూయుచుందురు. వారి ఒంటిపై టార్టన్ కోట్లు స్పష్టముగా కానవచ్చును. కాని ఒక విశేషము: కోటు గళ్ళు వేరు, కిల్టు గళ్ళు వేరు, మేజోళ్ళ గళ్ళు వేరు. ఎనిమిదిమంది ఒంటిపై ఇరువదికి పైగా టార్టన్లు కలవని చూచినవారు లెక్కించినారు. సుమారు 1749లో, అనగా నిషేధము అమలునందున్న కాలముననే, మాక్డొనాల్డు వంశపు బాలురు ఇద్దరిని చిత్రించిన పటమొకటి ఎడిన్‌బరో జాతీయ చిత్రశాలలో కలదు. విలియం మోస్మన్ వ్రాసినదని చెప్పబడు ఆ పటమునందును ఆ బాలుర దుస్తులపై వేర్వేరు టార్టన్లు కలసియే యున్నవి. అంతకు పూర్వపుదగు మరియొక పటమున, అనగా సుమారు 1683లో జాన్ మైఖేల్ రైట్ వ్రాసిన మంగో మర్రే ప్రభువు చిత్రమున, చుట్టుదుప్పటి టార్టన్‌దే. కోటు మాత్రము బుటాపని చేసిన వేరు బట్టది.

ఈ పటములను ఒకచోట పెట్టి చూచినచో ఉభయపక్షములవారికిని గర్వభంగము కాక తప్పదు. టార్టన్ కోటు ఆచారము కాదనువారి మాట నిలువదు. కిల్టు, కోటు, మేజోళ్ళు అన్నియు ఒకే వంశపు గళ్ళతో ఉండి తీరవలెననువారి మాటయు నిలువదు. పదునెనిమిదవ శతాబ్దమునందలి కొండసీమవాడు జోడు కుదిరిన బట్టను కట్టినాడు, కుదరనిదానిని కట్టినాడు, సాదాకోటును కట్టినాడు. అతని ఆచారమున ఉన్నది స్వేచ్ఛయే; నియమము కాదు. ఒక్కొక్క వంశమునకు ఒక్కొక్క టార్టన్ అను కట్టుబాటు బిగిసినది తరువాతనే. లండన్ హైలాండ్ సొసైటీ 1815 ప్రాంతమున వంశనాయకులను అడిగి నమూనాలు సేకరించినది. బానక్‌బర్న్‌లోని విల్సన్ కుటుంబపు నేతశాల 1819లో తన నమూనాల గ్రంథమును సిద్ధపరచినది. 1842లో ఇద్దరు సోదరులు ప్రాచీన వ్రాతప్రతియని చెప్పి వంశ టార్టన్ల గ్రంథమును ప్రకటించిరి. అది కూటసృష్టియని పరిశోధకులు తరువాత తేల్చిరి. ఐనను అందలి నమూనాలు కొన్ని వంశచిహ్నములుగా నేటికిని చెల్లుచున్నవి.

కోటును కిల్టును అచ్చముగా ఒకే బట్టతో కుట్టించుకొను పద్ధతి ఈ కాలముననే పెద్దింటివారిలో వైభవముగా కనబడినది. సుమారు 1812లో హెన్రీ రేబర్న్ వ్రాసిన గ్లెన్‌గ్యారీ నాయకుడు మాక్డొనెల్ పటము సుప్రసిద్ధము. అందు నాయకుడు టార్టన్ కోటుతో, టార్టన్ కిల్టుతో, భుజముపై టార్టన్‌తో నిండుగా నిలిచి యుండును. 1822 ఆగస్టులో నాలుగవ జార్జి రాజు ఎడిన్‌బరోకు వచ్చినపుడు ఆ ఉత్సవమును నడపినవాడు నవలాకారుడు సర్ వాల్టర్ స్కాట్. రాజుగారి హైలాండ్సు వేషమునకు 1,354 పౌనులకు పైగా వెచ్చమైనది. నిషేధించిన వంశపు రాజే నిషేధింపబడిన వేషమును కట్టుకొని కొలువు తీరెను.

ఇచ్చట ఆక్షేపకులు ఒక మాట అనవచ్చును; అది త్రోసివేయదగినది కాదు. ఆ కాలపు నిండు టార్టన్ వేషము దొరల వేడుకయే గాని పేదల ఆచారము కాదందురు. నిజమే. గ్లెన్‌గ్యారీ నాయకుడు చిత్రమున ఎంత ఠీవిగా నిలిచినను, అతని భూములనుండి కౌలుదారులు తొలగింపబడి సముద్రము దాటిపోయిరి. జనులు ఖాళీయగుచున్న లోయలలో వారి వస్త్రమునకు మాత్రము పట్టాభిషేకము జరిగినది. ఈ చేదు నిజమును మరచి టార్టన్‌ను కీర్తించుట సత్యమునకు ద్రోహము. కాని ఈ నింద జోడు కోటు ఒక్కదానిపై పడునది కాదు. నేటి లాంఛన వేషమంతటిపై పడునది. ఎనిమిది గజముల ఉన్నితో కుట్టిన కిల్టు, వెండి అలంకరణ గల స్పొరాన్, వెండి బొత్తాముల నల్లకోటు, ఇవి పేద పశుకాపరి వేషములా? వేషమంతటిని అంగీకరించి కోటునొక్కదానిని దొరతనమని దూషించుట న్యాయము కాదు.

ఇంతకును ఆచారమని కొనియాడబడు నల్లకోటు కథ ఏమి? పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాయందు పురుషుల రాత్రివిందు వేషము క్రమముగా నలుపు తెలుపులకు కుదించుకొనిపోయినది. ఆ వాడుక కిల్టు కట్టువారిపై కూడ తన నీడ వేసినది. వెనుక చిన్న తోకలు గల నల్లని పొట్టి కోటు ఇరువదవ శతాబ్దిలో విస్తారముగా వాడుకలోనికి వచ్చినది. దానికి ‘ప్రిన్స్ చార్లీ’ కోటని పేరు. కలోడెన్‌లో ఓడిన రాజకుమారుని పేరే అది. కాని ఆ రాజకుమారుడు 1788లో మరణించినవాడు. తన పేరు గల ఈ కోటును కన్నులార చూచి యెరుగడు. 1745 సెప్టెంబరున అతడు ఎడిన్‌బరో ప్రవేశించినపుడు ధరించినది టార్టన్ పొట్టికోటని ఆనాటివారి వర్ణన. ఆయన తొడిగిన కోటు నేడు అనాచారమైనది. ఆయన ఎరుగని కోటు ఆయన పేరుతో ఆచారమైనది! ఆచారముల చరిత్రయందు ఇంతకు మించిన చమత్కారము దొరకుట కష్టము.

నల్లకోటు నిలదొక్కుకొనుటకు సౌకర్యము కూడ కారణమే. అది ఏ వంశపు గళ్ళకైనను సరిపడును. బట్టలు అద్దెకిచ్చు అంగడివానికి కొలతకొక నల్లకోటు ఉన్న చాలును. టార్టన్ కోట్లైనచో కిల్టుల వలెనే అన్ని రకములును, అన్ని కొలతలును ఉంచవలెను. ఇది న్యాయమైన లెక్కయే. ఇందు దోషము లేదు. అంగడి సౌకర్యము అంగడి సౌకర్యముగా నున్నంతవరకు మంచిదే. అదియే పూర్వుల ధర్మమని పేరు మార్చుకొని వచ్చి ఇతరులను శాసింపబూనినపుడు మాత్రము ప్రశ్నింపవలసి యుండును.

ఇక అభిరుచికి సంబంధించిన ఆక్షేపణలు. నిండు టార్టన్ వేషము రంగస్థలమును తలపించునను మాట ఊరక పుట్టినది కాదు. పందొమ్మిదవ శతాబ్ది తుదియందును, ఇరువదవ శతాబ్ది ఆరంభమునను ఇంగ్లండు, స్కాట్లండు వినోదశాలలలో కిల్టు కట్టిన హాస్యగాయకులు జనులను నవ్వించిరి. వారిలో హారీ లాడర్ ప్రపంచఖ్యాతి పొంది 1919లో ‘సర్’ బిరుదము నందెను. ఆ వేషమును చూచి లోకము నవ్వగా, స్కాట్లండు పెద్దమనుష్యులు కొందరు తమ ఒంటిపై రంగులు తగ్గించుకొనుటయే గౌరవమని తలచియుందురు. ఆ సంకోచము అర్థము కాదగినదే. కాని హాస్యగాడు పంచె కట్టినాడని పండితుడు పంచె మానునా? పరిహాసమునకు వెరచి తనదానిని తాను విడిచిపెట్టువాడు పరిహాసకునికి దానిని దానపత్రము వ్రాసి ఇచ్చినట్లే యగును.

కన్ను అలసిపోవుననునది ముఖ్యముగా దర్జీ పనితనమునకు సంబంధించిన మాట. టార్టన్‌లో గళ్ళ వరుస ఒకమారు పూర్తియగు మేరను సెట్ అందురు. పెద్ద సెట్ గల బట్ట కిల్టుపై అందముగా నుండును. కుచ్చిళ్ళు దానిని ఇముడ్చుకొనును. అదే బట్ట సన్నని చేతులపైనను, ఇరుకు మెడపట్టీపైనను పడినపుడు గడి తెగి వికారముగా కనబడవచ్చును. బొత్తాముల వరుసకు ఇరువైపుల గీతలు కలియనిచో కోటు వంకరగా తోచును. పదునెనిమిదవ శతాబ్దపు దర్జీలు ఈ చిక్కును ఎరుగుదురు. ఆనాటి టార్టన్ కోట్లు పెక్కింటిలో బట్ట ఐమూలగా కత్తిరింపబడి యున్నది. అందువలన కోటుపై గళ్ళు నిలువు చదరములుగా గాక కొనలపై నిలిచిన చదరములుగా తిరిగి, క్రింది వస్త్రమునకు పైవస్త్రమునకు నడుమ ఒక తేడా ఏర్పడును. బట్ట ఒకటియే, నడక వేరు. కన్నునకు విశ్రాంతి దొరకును, జోడు చెడదు. మేజోళ్ళు సాదారంగువి, చొక్కా తెల్లనిది, లోపలి చిన్నకోటు ఒకే రంగుది అయినచో అలసట అను మాటకు తావే యుండదు.

కావున నిర్ణయింపవలసినది ఆచారము కాదు, ఔచిత్యము. పదునొకండవ శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని చెప్పుచు, ఆభరణములనే ఉదాహరణముగా తీసికొనెను. మొలనూలు మెడకు, ముత్యాలహారము నడుమునకు పెట్టుకొన్నచో నవ్వు పుట్టును. దోషము బంగారమునందు లేదు, ముత్యమునందు లేదు, తావునందున్నది. టార్టన్ కోటునకును ఈ న్యాయమే వర్తించును. పెండ్లిలో వరుడు, విందులో పెద్ద, వంశోత్సవమున నాయకుడు ధరించినచో అది శోభించును. సంతాపసభకు దట్టమైన ఎఱుపు గళ్ళ కోటు తగదు. కుట్టు చక్కగా నున్నచో తగును. గీతలు కలియని తొందరపనియైనచో తగదు. ఈ తీర్పులు కంటికి, వివేకమునకు సంబంధించినవి. వీటిని చెప్పుటకు పూర్వుల పేరుతో దొంగసాక్ష్యము తేనక్కరలేదు.

ప్రశ్నించుట మొదలిడినచో మర్యాదలన్నియు కూలిపోవునని భయపడువారు కలరు. ఆ భయము నిరాధారము. స్కాట్లండు పార్లమెంటు 2008లో చేసిన చట్టము ననుసరించి 2009లో టార్టన్ల అధికార పట్టిక ఏర్పడినది. అందు పాత కూర్పులును కలవు, కొత్త కూర్పులును చేరుచున్నవి. నమూనాను నమోదు చేయుటయే దాని పని. ఎవరు కోటుగా తొడుగవలెను, ఎవరు కిల్టుగా కట్టవలెనను తీర్పు అది చెప్పదు. ఐనను టార్టన్ గౌరవము తరుగలేదు. సత్యము తెలిసినంతమాత్రమున కూలిపోవు మర్యాద మర్యాదయే కాదు.

ఈ దూరదేశపు కథకు ఆంధ్రదేశముతో ఒక పోగు సంబంధము కలదు. తెలుగు గ్రామముల కైఫీయతులను సేకరింపజేసిన కాలిన్ మెకంజీ హైలాండ్సునకు పశ్చిమముననున్న లూయిస్ ద్వీపవాసి. సుమారు 1754లో స్టోర్నవే పట్టణమున జన్మించి, 1783లో చెన్నపట్టణము చేరినవాడు. అనగా అతని బాల్యయౌవనములు గడచినది స్వదేశపు వేషము నేరమై యున్న కాలమున. ఆ నిషేధమునకును అతని కృషికిని సంబంధము కలదని చెప్పుట సాహసమగును. కాని అతడును, అతని సహాయకులగు కావలి బొఱ్ఱయ్య సోదరులును అనుసరించిన మార్గము గమనింపదగినది. ఒక ఊరి ఆచారమును తెలిసికొనుటకు వారు ఊహపై ఆధారపడలేదు. శాసనములకు ప్రతులు వ్రాయించిరి. కరణముల కవిలెలను చూచిరి. వృద్ధులు చెప్పినది వ్రాసికొనిరి. ‘మా ఊరిలో ఇట్లే’ అను మాటకు ‘ఎప్పటినుండి, ఏ ఆధారముతో?’ అను ప్రశ్నను జోడించిరి. ఆ ప్రశ్నకు లభించిన సమాధానములే నేటికిని తెలుగు చరిత్రకారులకు పెన్నిధి. మెకంజీ జన్మభూమి వేషమును గూర్చిన వివాదమునకును ఆ ప్రశ్నయే తగిన మందు.

పాఠశాలలో చరిత్ర బోధించు ఉపాధ్యాయునకు ఈ చిన్న కోటు పెద్ద పాఠ్యగ్రంథము వంటిది. ఒక ఉత్తరువు, ఒక చట్టము, నాలుగు పటములు, ఒక కోటు పేరు, ఇంతమాత్రపు సామగ్రితో ఆచారము ఎట్లు పుట్టునో, ఎట్లు తెగునో, ఎట్లు మరల అల్లబడునో విద్యార్థికి చూపవచ్చును. పెద్దలమాటను గౌరవించుటకును, పెద్దలమాటయని చెప్పబడినదానిని పరీక్షించుటకును విరోధము లేదని అతనికి బోధపడును. నిజమునకు పరీక్షించుటయే గౌరవించుట. పరీక్షింపక ఒప్పుకొన్నవాడు పూర్వులను గాక, వారి పేరు చెప్పుకొనువారిని గౌరవించుచున్నాడు.

ఒకప్పుడు ఒక ప్రభుత్వము ఒక జాతివారిని ‘మీరు ఈ కోటు తొడుగరాదు’ అని శాసించి, తొడిగినవారిని చెఱలో పెట్టినది. ఆ చట్టము రద్దయి రెండు శతాబ్దములు దాటినది. ఏ చట్టమును లేని ఈ కాలమున ఆ జాతివారే ఆచారము పేరుతో ఒకరినొకరు అదే మాట అనుకొనుట కంటె విషాదకరమైన పరిహాసము వేరొకటి లేదు. నల్లకోటు తొడుగువాడు తొడుగుగాక. అది చక్కని కోటు. జోడు కోటు తొడుగువాడును తల యెత్తుకొని విందునకు పోవుగాక. అతని ఒంటిపైనున్నది అపచారము కాదు. ఒకప్పుడు చెఱకు వెరవక జనులు మనసున దాచుకొన్న వస్త్రము.